పాత అకార్డ్ డ్రైవ్‌షాఫ్ట్ ఊడదీయడం ఎలా?

ప్రశ్న: డాలస్ దగ్గర, భాగాలు మనమే విప్పుకునే తుక్కు యార్డులో 2004 హోండా అకార్డ్ దొరికింది. దాని ఎడమ డ్రైవ్‌షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి చక్రానికి శక్తినిచ్చే కడ్డీ) కావాలి, జాయింటును కప్పే రబ్బరు బూటు చిరగలేదు. చక్రాలు ముందే పీకేశారు. షాఫ్టు బయటి కొస నట్టు తిప్పితే హబ్బంతా (చక్రం బిగించే భాగం) తిరుగుతోంది!

జవాబు: నట్టు అంచు షాఫ్టు గాడిలోకి నొక్కి ఉంటుంది, ముందు ఉలితో దాన్ని పైకెత్తండి. బ్రేకు డిస్కు గాలి సందులో లావు స్క్రూడ్రైవర్ దూర్చి కాలిపర్‌కు (డిస్కును పట్టే బ్రేకు భాగం) ఆనిస్తే హబ్బు కదలదు. 36 మిల్లీమీటర్ల సాకెట్, పొడవాటి పైపు చాలు. షాఫ్టు కొస మరల మీద నేరుగా సుత్తితో బాదారో, ఆ షాఫ్టూ తుక్కే.

ప్రశ్న: మరి గేరుబాక్సు వైపున్న లోపలి కొస?

మరొకరు: కింది బాల్‌జాయింట్ (హబ్బు వైపును సస్పెన్షన్‌కు కలిపే కీలు) విడదీశాక షాఫ్టు పట్టుకుని లాగవద్దు, లోపలి జాయింటు విడిపోతుంది. గేరుబాక్సుకూ లోపలి జాయింటుకూ మధ్య ఇనప కడ్డీ పెట్టి ఒక్కసారి పెకలించండి. నూనె కారుతుంది, ముఖం పక్కకు పెట్టండి. బిగించేటప్పుడు కొత్త నట్టే వాడండి, అక్కడ పిసినారితనం వద్దు.