తాతగారి పడక కుర్చీకి పాత పాలిష్ తీసి ఇంట్లోనే కొత్త పాలిష్ వేయవచ్చా?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం):

అందరికీ నమస్కారం. ఉమ్మడి ఇల్లు పంచుకున్నప్పుడు మా తాతగారి పడక కుర్చీని నేను అడిగి తెచ్చుకున్నాను. కాళ్లు చాపుకోవడానికి వీలుగా రెండు చేతులూ ముందుకు బాగా సాగి ఉండే పాతకాలపు కుర్చీ అది. కొయ్య రంగం (బర్మా) టేకు అని ఇంట్లో అనుకునేవారు. వీపు, నడుము ఆనే భాగమంతా పేము అల్లిక. చాలా ఏళ్లు ధాన్యం గదిలో గోడకు చేరవేసి ఉండడం వల్ల కాళ్ల వైపు పాలిష్ నల్లబడిపోయింది. చేతుల మీద మాత్రం ఎవరో ఎప్పుడో మెరిసే వార్నిష్ పూశారు. అది ఇప్పుడు ఎండిన చెరువు మట్టిలా నెర్రెలు విచ్చి, పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. వెనక ఎడమ కాలు కూడా ఊగుతోంది.

కుడి చేతి మీద రెండు గుర్తులున్నాయి. తాతగారు రోజూ కాఫీ గ్లాసు పెట్టిన చోట ఒకదాని మీద ఒకటిగా తెల్లని వలయాలు పడ్డాయి. దానికి నాలుగు వేళ్ల దూరంలో, అంచున, చిటికెన వేలి గోరంత నల్లటి మచ్చ ఉంది. పేపరు చదువుతూ చుట్టను అక్కడ ఆనించి మరిచిపోయిన రోజు కాలిన మచ్చ అది. ఆ రోజు మా నాయనమ్మ ఆయన్ను ఎంతగా కోప్పడిందో మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక్కడ పాలిష్ పని చేసే ఒకాయనకు చూపిస్తే, మిషను పెట్టి పైన ఉన్నదంతా అరగదీసి పీయూ (పాలియురిథేన్) పాలిష్ కొడితే కొత్త కుర్చీలా ఉంటుందన్నారు. కొత్త కుర్చీలా ఉండడమే నాకు ఇష్టం లేదు. ఆదివారాలు తీరిక ఉంటుంది కనుక, ఎంత ఆలస్యమైనా నేనే చేయాలనుకుంటున్నాను. అసలు పాలిష్ ఏదో ఎలా తెలుసుకోవాలి? పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ మచ్చలను ఏం చేయాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

చిత్రిక పట్టేవాడు (కాకినాడ):

మీరు మిషను వద్దనుకోవడం చాలా మంచి నిర్ణయం. మా నాన్నగారు వడ్రంగి. నేనూ 30 ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. పాత కుర్చీలు పాడయ్యేది వయసు వల్ల కాదు, తొందరపడి అరగదీయడం వల్ల. టేకు ఏళ్ల తరబడి గాలికి, వెలుతురుకు, చేతి చెమటకు పండి ఆ తేనె రంగు తెచ్చుకుంటుంది. ఆ రంగు పైపైనే, చాలా పలుచగా ఉంటుంది. మిషను దాన్ని నిమిషంలో తీసేసి, కింద ఉన్న లేత పసుపు కొయ్యను బయటపెడుతుంది. పోయిన రంగు మళ్లీ రావడానికి ఇంకో తరం పడుతుంది. అందుచేత మీరు తీయవలసింది చెడిన పాలిష్‌నే తప్ప, కొయ్యను కాదు.

మొదటి ఆదివారం కడగడంతోనే సరిపెట్టండి. గోరువెచ్చని నీటిలో కొంచెం సబ్బు కలిపి, గుడ్డను బాగా పిండి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తడి తీసేయండి. జిడ్డు వదలని చోట కర్పూర తైలంతో (టర్పెంటైన్) తుడవండి. పాలిష్ నల్లబడిందని మీరనుకుంటున్నదానిలో సగం పొగ, దుమ్ము, తలనూనె కలిసి పేరుకున్న మురికే అయి ఉండవచ్చు. కడిగిన తరువాత కుర్చీని మళ్లీ చూస్తే, చేయవలసిన పని మీరు భయపడినంత లేదని తోచవచ్చు.

తరువాత పరీక్ష. కాలికి వెనక వైపు, ఎవరికీ కనిపించని చోట, పత్తి ఉండను స్పిరిట్‌లో (పాలిష్ పనికి వాడే మిథిలేటెడ్ స్పిరిట్) ముంచి రెండు నిమిషాలు ఆనించి ఉంచండి. పత్తి అంటుకుని, తీసినప్పుడు దానికి ఎర్రటి లేదా తేనె రంగు జిగురు వస్తే అది లక్క పాలిష్, అంటే పెద్దవాళ్లు ఫ్రెంచి పాలిష్ అనేది. ఏమీ జరగకపోతే అది వార్నిషో, ఇటీవలి మెలమైన్, పీయూ వంటిదో అనుకోవాలి. మీ కుర్చీ వయసును బట్టి, ఒరిజినల్‌గా ఉన్నది లక్కే అని నా నమ్మకం. లక్క అయితే మీ అదృష్టం, ఎందుకంటే అది ఎన్నేళ్లయినా స్పిరిట్‌లో కరుగుతుంది. పాతదాన్ని పూర్తిగా గీకి పారేయనక్కరలేదు. కొత్త పూత పాత పూతలోకే కరిగి కలిసిపోతుంది.

లక్క తయారు చేసుకోవడం కష్టమేమీ కాదు. హార్డ్‌వేరు దుకాణంలో చపడా అని అడిగితే పలుచని రేకులు ఇస్తారు. లీటరు స్పిరిట్‌కు 200 గ్రాముల చొప్పున గాజు సీసాలో వేసి రాత్రంతా ఉంచి, మధ్యమధ్యలో కదిలించి, ఉదయం పలుచని గుడ్డతో వడకట్టండి. ఇనుప డబ్బా వాడకండి, లక్క నల్లబడుతుంది. ఒక్కసారి అవసరమైనంతే కలుపుకోండి. కలిపి నెలల తరబడి నిలవ ఉంచిన లక్క సరిగా ఆరదు. కిటికీలు తెరిచి పని చేయండి, ఆ గదిలో దేవుడి దీపం కూడా వెలిగించకండి. స్పిరిట్ ఆవిరి మంటను ఇట్టే అందుకుంటుంది.

పూసేటప్పుడు బ్రష్ అవసరం లేదు. బాగా నలిగిన పాత పంచె ముక్కలో దూది పెట్టి, కోడిగుడ్డంత మూట కట్టుకోండి. లక్కను దూదికి పట్టించి, పైగుడ్డలోంచి నెమ్మదిగా ఊరేలా నొక్కుతూ, కొయ్య మీద ఆగకుండా రుద్దుకుంటూ పొండి. ఒక్క క్షణం ఆగితే మూట అక్కడే అతుక్కుని గుడ్డ అచ్చు పడుతుంది. మూట పట్టుకుని లాగుతున్నట్లు తెలిస్తే, ఒక్క చుక్క అవిసె నూనె వేలితో మూటకు రాయండి. పూతకు పూతకు మధ్య కనీసం గంట ఆగండి. అరడజను పలుచని పూతలైన తరువాత ఒక రాత్రి ఆరనిచ్చి, 320 నంబరు ఎమరీ కాగితంతో ఈకతో నిమిరినంత తేలికగా రుద్ది, మళ్లీ మొదలుపెట్టండి.

ఒక్క హెచ్చరిక. ముసురు పట్టిన రోజున లక్క ముట్టుకోకండి. స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి గాలిలోని తేమను పట్టుకుంటుంది. పాలిష్ పాలు చిలికినట్లు తెల్లబోతుంది. గోదావరి తీరాన సంక్రాంతి దాటాక వచ్చే పొడి రోజులు ఈ పనికి అన్నిటికంటే అనువైనవి.

ఊరి ఉయ్యాల (హైదరాబాదు):

పై సమాధానంలో మిషను గురించి చెప్పిన మాట అక్షరాలా నిజమని నా అనుభవం మీద చెబుతున్నాను. మా అమ్మమ్మగారి ఉయ్యాల బల్లను నేను నగరానికి తెచ్చుకుని, ఊళ్లో లేని సమయంలో ఒక పనివారికి అప్పగించాను. బల్ల అంచు పొడవునా శంఖం, చక్రం, మధ్యలో తామర తీగ చెక్కి ఉండేవి. చిన్నప్పుడు ఊగుతూ ఆ తీగ వెంట వేలు పోనిస్తూ ఉండేదాన్ని. తిరిగి వచ్చేసరికి బల్ల అద్దంలా మెరుస్తోంది గానీ, చక్రం ఆకులు సగానికి అరిగిపోయాయి, తీగ చాలా చోట్ల కంటికి కనిపిస్తుందే తప్ప వేలికి తగలడం లేదు. ఇప్పుడు నేను ఎంత ఖర్చు పెట్టినా అది తిరిగి రాదు. ఆ బాధతోనే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

పీయూ విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. దానికి వేడి, నీరు తట్టుకునే గుణం ఉన్న మాట వాస్తవమే. కానీ మూడేళ్లకు గొలుసులు తగిలిన చోట గీతలు పడ్డాయి, ఆ ఒక్క చోటే సరిచేయడం కుదరదని, మొత్తం బల్లను మళ్లీ గీకాలని చెప్పారు. లక్కకైతే ఎక్కడ చెడితే అక్కడే మూటతో రుద్దుకోవచ్చు. కాకపోతే దాని బలహీనత కూడా తెలిసి ఉండాలి. ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికే కరిగి బొమ్మకు రంగు పట్టుకోవడం నేను దగ్గరగా చూశాను. అంత తేలికగా మెత్తబడే పదార్థం మీద పొగలు కక్కే గ్లాసు పెడితే వలయం పడక మానదు. కుర్చీని రోజూ వాడదలిస్తే, గ్లాసు కింద పెట్టుకోవడానికి ఒక చెక్క బిళ్ల దగ్గర ఉంచుకోండి.

పని మొదలుపెట్టే ముందు అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి ఉంచండి. చుట్ట మచ్చను మాత్రం ఉండనివ్వండి అని నా విన్నపం. మా తామర తీగ పోయిన తరువాత, దాన్ని మా పిల్లలకు చూపించడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు.

పేము అల్లిక (తెనాలి):

పేము గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. తీగలు తెగకుండా, అల్లిక కిందికి జారి మాత్రమే ఉంటే కొత్తగా అల్లించనక్కరలేదు. కుర్చీని తిరగేసి, వేడి నీటిలో ముంచి పిండిన తువ్వాలును అల్లిక అడుగు వైపు అరగంట పరిచి ఉంచి, తరువాత నీడలో ఒక రాత్రి ఆరనివ్వండి. తీగలు ఆరుతూ ముడుచుకుని అల్లిక బిగుస్తుంది. పేముకు పైవైపు నున్నటి పెంకు ఉంటుంది, నీరు పీల్చేది అడుగు వైపే. అందుకే అడుగు వైపు ఎప్పుడూ వార్నిష్ వేయకూడదు. ఈ పని పాలిష్ కంటే ముందే ముగించండి, తడి కొత్త లక్కకు తగలకూడదు.

సముద్రాలు దాటి (న్యూజెర్సీ):

రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. వార్నిష్ తీయడానికి దుకాణంలో పెయింట్ రిమూవర్ ఇస్తే, డబ్బా మీద మెథిలీన్ క్లోరైడ్ అని ఉందేమో చూడండి. మూసి ఉన్న గదిలో దాని ఆవిరి ప్రాణాలు తీసిన సంఘటనలున్నాయి. అమెరికాలో 2019 నుంచి ఇళ్లలో వాడుకునేవారికి దాన్ని అమ్మడం నిషేధించారు. రెండవది, అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండ మధ్యలో ఆ వేడి పేరుకుని గుడ్డ దానంతట అదే అంటుకోవచ్చు. వాటిని విప్పి ఆరుబయట విడివిడిగా పరిచి, గట్టిపడిన తరువాతే పారేయండి.

ఇది చదివే ఇతరులకు ఒక మాట. మీ పాత వస్తువుకు పాలిష్ కాక రంగు వేసి ఉంటే, దాన్ని పొడిగా గీకకండి. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నియమం 2017 నవంబరులోనే అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది, ఆ పొడి పసిపిల్లలకు చాలా ప్రమాదకరం.

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం):

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. కుర్చీని కడిగాను, మూడు బకెట్ల నీళ్లు నల్లగా మారాయి. కాలికి స్పిరిట్ పరీక్ష చేస్తే పత్తి అంటుకుని తేనె రంగు జిగురు వచ్చింది, కనుక అది లక్కే. చేతుల మీది వార్నిష్‌కు మాత్రం స్పిరిట్ వల్ల ఏ మార్పూ రాలేదు. కుర్చీని తిరగేసి చూసినప్పుడు, ఆ చేతుల అడుగున వార్నిష్ తగలని చోట ముదురు ఎరుపు రంగు లక్క చెక్కు చెదరకుండా ఉంది. దాన్ని చూసిన తరువాత మొత్తం కుర్చీ ఒకప్పుడు ఎలా ఉండేదో మొదటిసారి అర్థమైంది. పెయింట్ రిమూవర్ వాడకుండా ఆ వార్నిష్ తీసే మార్గం ఉందా? ఊగే కాలికి మేకు కొట్టవచ్చా?

చిత్రిక పట్టేవాడు (కాకినాడ):

అడుగున లక్క ఉందంటే వార్నిష్ కింద కూడా లక్క పొర ఉన్నట్లే. అదే మీకు సాయపడుతుంది. వార్నిష్ స్పిరిట్‌కు కరగకపోయినా నెర్రెలు విచ్చి ఉంది కదా, ఆ నెర్రెల్లోంచి స్పిరిట్ దిగి కింది లక్కను మెత్తబరుస్తుంది. గుడ్డను స్పిరిట్‌లో తడిపి జానెడు మేర పరిచి, ఆవిరి కాకుండా పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, 20 నిమిషాలు ఆగండి. తరువాత అంచులు గుండ్రంగా చేసిన చెక్క గరిటెతో నెడితే వార్నిష్ పెచ్చులుగా లేచి వస్తుంది. రాని చోట మళ్లీ తడపండి గానీ బలం ఉపయోగించకండి. జానెడు జానెడుగా చేసుకుంటూ పోతే ఒక్కో చేతికి ఒక పూట పడుతుంది.

కాఫీ వలయాలు తెల్లగా ఉన్నాయన్నారు కనుక తడి పాలిష్ పొరలోనే ఆగిపోయింది, ఆ పొరతోపాటే పోతాయి. నల్లటి వలయాలైతే తడి కొయ్యలోకి దిగిందని అర్థం, వాటికి ఆక్సాలిక్ ఆమ్లం వాడవలసి వచ్చేది. అది విషం, మీకు ఆ అవసరం రాలేదు. చుట్ట మచ్చ దగ్గర బొగ్గు పొడి రాలుతుంటే చాకు మొనతో వదులుగా ఉన్నంత వరకే తీసి, లక్క పూయండి. మచ్చ అలాగే నిలిచిపోతుంది.

కాలికి మేకు మాత్రం కొట్టవద్దు. కుసి, అంటే బెజ్జంలో దూరి కూర్చునే కొయ్య కొస, చీలిపోతుంది. బెజ్జం పక్కన చిన్న వెదురు చీల తల కనిపిస్తుంది. దాన్ని వెనక నుంచి తట్టి తీసి, కాలును ఊడదీయండి. పాతకాలపు జిగురు పశువుల తోలు, ఎముకల నుంచి కాచినది కనుక వేడి నీటి గుడ్డ పెడితే మెత్తబడి వస్తుంది. అది పూర్తిగా పోయేదాకా కుసినీ బెజ్జాన్నీ శుభ్రం చేసి, ఒక రోజు ఆరనివ్వండి. పాత జిగురు మీద ఫెవికాల్ పట్టదు. టేకులో నూనె ఉంటుంది కనుక అతికించే ముందు కుసిని స్పిరిట్‌తో ఒకసారి తుడవండి. అతికించి, కొత్త వెదురు చీల దిగ్గొట్టి, వెనక రెండు కాళ్లనూ కలిపి తాడు చుట్టి, మధ్యలో కర్రముక్క దూర్చి మెలిపెట్టి, 24 గంటలు కదిలించకుండా ఉంచండి. మెలిపెట్టిన వెంటనే, జిగురు ఇంకా పచ్చిగా ఉండగానే, కుర్చీని చదునైన నేల మీద నిలబెట్టి, కాళ్లన్నీ సమంగా ఆనుతున్నాయో లేదో చూసుకోండి. చేతుల పని ఆ తరువాత మొదలుపెట్టవచ్చు.