అప్‌డేట్: ఫ్రిజ్ వాటర్ ఫిల్టర్ మార్చేశాను

ఆరు నెలల క్రితం అడిగాను గుర్తుందా? డాలస్‌లో మా ఫ్రిజ్ ఫిల్టర్ లైటు ఎర్రగా వెలుగుతోంది, నీళ్లు బాగానే ఉన్నాయి, ప్రతి ఆరు నెలలకూ 50 డాలర్లు తగలేయాలా అని. "అది ఉత్త టైమరే, రీసెట్ నొక్కెయ్" అన్న మాట విన్నాను. విని, ఒకే ఫిల్టర్‌తో 14 నెలలు లాగించాను.

మొన్న అమ్మ ఇండియా నుంచి వచ్చింది. మొదటి గుక్కకే మొహం చిట్లించి, "ఏంట్రా, బ్లీచింగ్ పౌడర్ వాసన?" అంది. మాకు అలవాటై తెలియలేదు! గ్లాసు నిండడానికి అర నిమిషం పడుతున్నా ప్రెషర్ తక్కువేమో అనుకున్నాం.

కుళాయి నీళ్లలోని ఆ క్లోరిన్ వాసనను పట్టేది ఫిల్టర్ లోపలి కార్బన్. దానికీ ఒక హద్దు ఉంటుంది కదా. కొనేటప్పుడు లేబుల్ చూడండి: ఎన్‌ఎస్‌ఎఫ్ (ఫిల్టర్లను పరీక్షించి ధ్రువీకరించే సంస్థ) 42 ప్రమాణం అంటే రుచి, వాసన వరకే. సీసం కూడా తగ్గాలంటే 53 ఉండాలి, అందులో సీసం పేరు విడిగా రాసి ఉండాలి.

కొత్తది బిగించగానే నీళ్లు నల్లగా వచ్చాయి. గుండె గుభేలుమంది. తీరా చూస్తే కార్బన్ పొడి. మాన్యువల్ ప్రకారం 3 గ్యాలన్లు పట్టి కరివేపాకు కుండీకి, మిగతా మొక్కలకు పోశాను. ఇప్పుడు గ్లాసు పది సెకన్లలో నిండుతోంది, వాసన లేదు. కెటిల్‌లో సున్నం పొర మాత్రం అలాగే ఉంది, దానికి ఈ ఫిల్టర్ పనికిరాదు.

ఇక ఆరు నెలలకోసారి మార్చేస్తాను. అమ్మ మాత్రం ఇప్పటికీ కాచి చల్లార్చిన నీళ్లే తాగుతోంది.