అట్ట ఫర్నిచర్‌తో ఇల్లు సర్దుకోవచ్చా?

సంచారి:
నాలుగేళ్లలో మూడు ఇళ్లు మారాను. మారిన ప్రతిసారీ చెక్క బీరువా మెట్ల మలుపులో ఇరుక్కోవడం, గోడకి గీత పడటం, ఇంటివాళ్లతో మాట పడటం. విసుగొచ్చింది. ఈసారి మంచం, పుస్తకాల అర, రాత బల్ల మూడూ అట్టవే పెట్టుకుందామనుకుంటున్నాను. విప్పేస్తే పలకలు పలకలుగా వచ్చేస్తాయి, నేనొక్కణ్ణే మోసుకుపోవచ్చు. పైగా కాగితం కాబట్టి పర్యావరణానికీ మంచిదంటున్నారు. మా ఇంట్లో వాళ్లేమో "పార్సిల్ డబ్బాల మీద కాపురమా!" అని ఒకటే నవ్వు. వాడినవాళ్లుంటే చెప్పండి. ఎగతాళి చేస్తానంటే చేయండి, కానీ కారణం చెప్పి చేయండి.

రంపంపొట్టు:
కారణం చెప్పే చేస్తాను. బరువు మోయదని నేననను, మోస్తుంది. దాన్ని చంపేది తేమ. అట్టంటే ఏముంది, కాగితం పొరల్ని పిండి జిగురుతో అంటించడమేగా. నీళ్లు ఒలికిపోనక్కర్లేదు, గాలిలో చెమ్మ చాలు.

సరదా పడి నేనూ ఒక పుస్తకాల అర చేశాను. ఎండలున్నన్నాళ్లూ బ్రహ్మాండం. ముసురు పట్టాక ఓ రోజు చూస్తే, నిఘంటువులు పెట్టిన అర మధ్యలో వేలెడు కుంగిపోయి ఉంది. చెయ్యి పెట్టి నొక్కితే అప్పడం మెత్తబడినట్టు లోపలికి పోయింది. వెనక, గోడవైపు, బూజు. పుస్తకాలు తీసి దులుపుకోవడానికి ఒక ఆదివారం పట్టింది.

గీతలు_కొలతలు:
రంపంపొట్టు గారూ, ఒక్క ప్రశ్న. ఆ అర కింద నిలువు పలకలు పెట్టారా, లేక రెండు చివర్లా ఆనించి వదిలేశారా?

అట్ట విషయంలో అందరూ చేసే తప్పు ఇదే. ఏదైనా పార్సిల్ డబ్బా కోసి అంచు చూడండి, రెండు కాగితాల మధ్య అలలాగా ఇంకో కాగితం కనిపిస్తుంది. ఆ ముడతలు నిలువుగా ఉండేలా పలకని నిలబెడితే ఒక్కో ముడతా ఒక్కో చిన్న స్తంభం. అదే పలకని పడుకోబెట్టి మధ్యలో బరువు పెడితే కుంగక చస్తుందా? కాబట్టి నిలువు పలకలకి సగం లోతు దాకా గాట్లు కోసి, ఒకదాంట్లో ఒకటి గుచ్చి గళ్లుగళ్లుగా నిలబెట్టాలి. బరువంతా వాటి మీదే పడాలి. పైన పరిచేది మూత మాత్రమే.

మంచం మాటకొస్తే టోక్యో ఒలింపిక్స్ గుర్తుందా? 2020వి, 2021లో జరిగాయి. క్రీడాకారులు పడుకున్నవి అట్ట మంచాలే, 200 కిలోల దాకా మోస్తాయని తయారీదార్లు చెప్పారు. అవి విరిగిపోతాయని సోషల్ మీడియాలో పుకారు లేస్తే, ఐర్లండ్ జిమ్నాస్ట్ రైస్ మెక్‌క్లెనాఘన్ తన మంచం మీద ఎగిరెగిరి గెంతి వీడియో పెట్టాడు. మంచానికి ఏమీ కాలేదు.

రంపంపొట్టు:
చివర్లా ఆనించే వదిలేశాను, ఒప్పుకుంటున్నాను. కానీ బూజుకి ముడతలు నిలువో అడ్డమో పట్టదు కదండీ.

ఒలింపిక్స్ క్రీడాకారుడు ఆ మంచం మీద పడుకునేది మహా అయితే రెండు మూడు వారాలు. నాకు కావాల్సింది పదిహేనేళ్లు.

పాతసామాను:
కాగితమైతే పర్యావరణానికి మేలని ఎవరు చెప్పారండీ? అసలు గొడవ ఇక్కడుంది, మీరిద్దరూ బలం దగ్గరే ఆగిపోయారు.

కాగితం చెట్ల మీద కాయదు. గుజ్జు చేయడానికి నీళ్లు కావాలి, ఆరబెట్టడానికి వేడి కావాలి. పాత కాగితం మళ్లీ కాగితమవుతుంది, నిజమే. కానీ మిల్లుకెళ్లిన ప్రతిసారీ పీచు పొట్టిదవుతుంది, ఐదు నుంచి ఏడుసార్లకి దాని పని అయిపోతుంది. ఇంకో తిరకాసు చూడండి. తేమకి తట్టుకోవాలని అట్ట మీద ప్లాస్టిక్ పొర అంటిస్తారు. అంటించారంటే దాన్ని మామూలు కాగితంతో కలిపి మిల్లులో వేయలేరు. అంటే మన్నిక పెంచుకుంటే మళ్లీ వాడుకునే గుణం పోతుంది, ఆ గుణం ఉంచుకుంటే మన్నిక పోతుంది.

సంచారి గారు ఇప్పుడున్న చెక్క బీరువా పారేసి అట్టది కొంటే అది పర్యావరణం కాదు, షాపింగ్. ముందు పాత బీరువా ఏం చేస్తారో చెప్పండి.

చంటిదాని_అమ్మ:
ఇంత పెద్ద లెక్కలు నాకు రావు కానీ, మా పాపకి అట్ట బల్ల చేసి ఏడాది దాటింది. మూల తగిలినా నుదురు బొప్పి కట్టదు, అది చాలు నాకు. రంగు పెన్సిళ్లతో బల్ల నిండా గీసేసింది, నేనేమీ అనలేదు. ఒకసారి గ్లాసుడు పాలు ఒలకబోసింది. తెల్లారేసరికి ఒక కాలు గుజ్జు గుజ్జుగా మెత్తబడి బల్ల ఒరిగిపోయింది. ఆ కాలు కట్టర్‌తో కోసి పడేసి, ఇంకో డబ్బాలోంచి కొత్త కాలు కోసి అతికించాను. మొత్తం అరగంట పని. చెక్క బల్లకి కాలు విరిగితే అరగంటలో నేను బాగుచేయగలనా?

పిల్లలకి కాగితం కుర్చీలనేది కొత్త సంగతేం కాదులెండి. 1960లలోనే పీటర్ మర్డోక్ అనే బ్రిటిష్ డిజైనర్ చుక్కల చుక్కల కాగితపు కుర్చీ చేశాడు. మడిస్తే కుర్చీ, విప్పితే షీటు. పిల్లలు ఎలాగూ ఎదిగిపోతారు కదా.

ఒక్కటి మాత్రం, పొయ్యి దగ్గరా, ఇస్త్రీ చేసే చోటా పెట్టకండి.

రంపంపొట్టు:
పిల్లల బల్ల వరకూ నేనూ ఒప్పుకుంటాను. ఇంతకీ చెదల ఊసు ఎవరూ ఎత్తలేదేం? టేకైతే చాలావరకు తట్టుకుంటుంది. అట్టంటే వాటికి విస్తరి వేసి పిలిచినట్టే.

గీతలు_కొలతలు:
చెదలకి నా దగ్గర జవాబు లేదు, అది మీ పాయింటే. నేల నుంచి ఎత్తులో పెట్టడం, గోడకి జానెడు దూరం ఉంచడం మించి చెప్పగలిగింది లేదు.

కానీ అట్టంటే అంత చులకనెందుకు? మీ గది తలుపు వేలితో తట్టి చూడండి. బోలుగా మోగితే లోపల తేనెతుట్టెలాంటి కాగితం గళ్లు ఉండొచ్చు. చాలా చవక తలుపుల్లో ఉండేది అదే. ఐకియా అనే ఫర్నిచర్ కంపెనీ అమ్మే 'లాక్' బల్ల చూడ్డానికి మందపాటి చెక్క దిమ్మలా ఉంటుంది, దాని పైపలకలో ఉన్నదీ కాగితమే. మనం కాగితం మీదే కాఫీ కప్పు పెడుతున్నాం, కనపడకుండా ఉంది కాబట్టి నవ్వడం లేదు, అంతే.

రంపంపొట్టు:
బోలు తలుపుని నేను తలుపనను.

పాతసామాను:
ఎవరైనా ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ చేసిన 1972 నాటి అట్ట కుర్చీ ఉదాహరణ తెస్తారేమోనని చూస్తున్నా, నేనే చెప్పేస్తాను. పాములా మెలికలు తిరిగి ఉంటుంది, అట్ట పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి చేసింది. చవగ్గా అందరికీ అందాలని మొదలైంది. ఇప్పుడది డిజైన్ పిచ్చి ఉన్నవాళ్లు ఇష్టపడి కొనుక్కునే ఖరీదైన వస్తువు. అయితే ఒక మాట, ఖరీదైంది కాబట్టే ఎవరూ పారేయరు.

సంచారి:
అందరికీ థాంక్స్. నిన్న కొత్త ఇంటికెళ్లి గోడలన్నీ అరచేత్తో తడిమి చూశాను. పడకగదిలో ఒక గోడ చల్లగా, చెమ్మగా తగిలింది. అందుకని మంచం ఆలోచన మానేశాను, ఉన్నదే తీసుకెళ్తున్నా. అర మాత్రం హాల్లో, పొడి గోడ దగ్గర, గళ్ల పద్ధతిలో చేస్తాను. ప్లాస్టిక్ పొర అంటించను.

పాతసామాను గారూ, బీరువా పారేయడం లేదు, మా చెల్లికి ఇస్తున్నాను. రాత బల్లకి పాత చెక్క తలుపు ఒకటి దొరికింది, బోలుది కాదు. దాన్ని పైపలకగా వేసి కింద అట్ట దిమ్మలు నిలబెడదామని ప్లాన్. రంపంపొట్టు గారూ, ఆ తలుపు అంచులు గరుగ్గా ఉన్నాయి, ఏ నంబరు గరుకు కాగితం వాడమంటారు?

రంపంపొట్టు:
ముందు 80, తర్వాత 120, చివర్న 220. పీచు నడిచిన వైపే రుద్దండి, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. ఆ అట్ట దిమ్మల ఫోటో కూడా పెట్టండి, చూద్దాం.