లూపర్ పెడల్‌తో వయొలిన్ వాయిస్తే అది లైవ్ కిందికి వస్తుందా?

పగటిరేడియో:
ఈమధ్య కిషి బాషి వీడియోలు తెగ చూస్తున్నా. అమెరికన్ సింగర్, వయొలినిస్టు. ఒక్కడే నిలబడి వయొలిన్, గొంతు, కాలి దగ్గర లూపర్ పెడల్స్‌తో (అప్పటికప్పుడు వాయించిన బిట్‌ని రికార్డు చేసి మళ్ళీ మళ్ళీ తిప్పేవి) ఆర్కెస్ట్రా అంత చేస్తాడు. మా ఫ్రెండేమో రికార్డయింది తిరుగుతుంటే లైవ్ ఏంటి, కరోకేనే కదా అంటున్నాడు. మీరేమంటారు?

మంద్రస్థాయి:
నేను మీ ఫ్రెండ్ వైపే. లూప్ ఒకసారి బిగిశాక టెంపో కదలదు, అవే కార్డ్స్ తిరుగుతుంటాయి. నలుగురు కూర్చుని క్వార్టెట్ వాయిస్తే ఒకళ్ళు ఆగితే ఇంకొకళ్ళు ఆగుతారు, నాకు కావాల్సింది ఆ ఆగడమే. నియోక్లాసికల్, అంటే క్లాసికల్ పద్ధతినే కొత్తగా చేస్తున్నామని చెప్పుకుంటూ అదే వదిలేస్తే ఎలా?

కమాను:
కరోకే అంటే మాత్రం ఒప్పుకోను. కరోకేకి ట్రాక్ ముందే రెడీగా ఉంటుంది, ఇక్కడ లూప్ మన కళ్ళ ముందే పుడుతుంది. ముందు తీగలు వేళ్ళతో మీటి చిన్న బిట్ వాయిస్తారు, ఆవర్తనం పూర్తయ్యే క్షణానికి సరిగ్గా పెడల్ తొక్కాలి, రవ్వంత లేటయిందా ఆ కుంటినడక ప్రతి చుట్టులోనూ వినపడుతూనే ఉంటుంది, దానిమీద కమానుతో ఒక లాంగ్ నోటు, ఆక్టేవ్ కిందికి దించి బాస్, నోటితో బీటు, అప్పుడు గానీ పాట ఎత్తుకోరు. మామూలుగా ఒక అపస్వరం పలికితే ఆ క్షణంతో పోతుంది, ఇక్కడ అది పాటంతా వెంటాడుతుంది. ఇంతకన్నా లైవ్ ఏం కావాలండీ?

పైగా ఇది నిన్న మొన్నటిది కాదు. అమెరికన్ కంపోజర్ స్టీవ్ రైష్ 1967లోనే వయొలిన్‌కి టేపు జోడించి వయొలిన్ ఫేజ్ అనే పీస్ రాశాడు. 2006లో కెనడాలో మొట్టమొదటి పోలారిస్ ప్రైజ్ (ఏటా బెస్ట్ ఆల్బమ్‌కి ఇచ్చేది) వచ్చింది కూడా లూపింగ్ చేసే వయొలినిస్ట్-సింగర్‌కే, ఓవెన్ పాలెట్‌కి. మన కచేరీల్లో ఎలక్ట్రానిక్ శ్రుతిబాక్స్ మోగుతుంటే ఇది లైవ్ కాదని ఎవరన్నా లేచి వెళ్ళిపోతున్నారా?

మంద్రస్థాయి:
శ్రుతిబాక్స్‌తో పోలిక కుదరదండి, అది ఆధారం వరకే, పాటలో సగం అది వాయించదు. ఇంకోటి, పాలెట్‌కి ప్రైజ్ తెచ్చిన ఆల్బమ్ రాసింది స్ట్రింగ్ క్వార్టెట్ కోసం. కిషి బాషి కూడా 2015లో క్వార్టెట్‌తో లైవ్ ఆల్బమ్ తెచ్చాడు. లూపర్‌తో సరిపోతే వీళ్ళకి మనుషులెందుకు?

కమాను:
అన్నిటికీ సరిపోతుందని నేను అనట్లేదుగా. సరిపోకపోవడం వేరు, లైవ్ కాకపోవడం వేరు. లయ సాగుతూ ఆగుతూ నడిచే పాటకి మనుషులే కావాలి, అందులో మీతో గొడవ లేదు. బిగువుగా నడిచే పాప్ పాటకి మాత్రం లూపరే నాకిష్టం, ఏ పొర ఎప్పుడొచ్చి చేరిందో చెవికి తెలుస్తుంటుంది, క్వార్టెట్‌లో నాకు ఆ అవకాశం దొరకదు.