లెక్కల టీచర్‌గా ఉంటూ గణిత విద్యలో పీహెచ్‌డీ చేయొచ్చా?

ప్రశ్న

నమస్కారం అండీ. ఒంగోలు దగ్గర జడ్పీ హైస్కూల్లో గణితం స్కూల్ అసిస్టెంట్‌ని. ఎమ్మెస్సీ, బీఈడీ. సర్వీసు 11 ఏళ్లు. పిల్లలు ఫలానా లెక్క దగ్గరే ఎందుకు తప్పుతారో పట్టుకోవాలని, దాని మీదే పీహెచ్‌డీ చేయాలని కోరిక. ఒక యూనివర్సిటీ గణిత విభాగంలో అడిగితే ‘ఇది ఎడ్యుకేషన్ వాళ్లది’ అన్నారు. ఎడ్యుకేషన్ వాళ్లేమో ‘ఎంఈడీ లేదు కదా’ అన్నారు. ఉద్యోగం మానలేను. దారేమైనా ఉందా?

జవాబు 1

సార్, ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. గణిత విభాగానికి కావలసింది కొత్త సిద్ధాంతాలు. మీకు కావలసింది పిల్లవాడి బుర్రలో లెక్క ఎలా నడుస్తోందో. రెండూ వేరు. ఎడ్యుకేషన్ విభాగాలు చాలావరకు ఎంఈడీ గానీ, ఎంఏ ఎడ్యుకేషన్ గానీ అడుగుతాయి. ఉద్యోగం మానకుండా అంటే ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో ఎంఏ ఎడ్యుకేషన్ దూరవిద్యలో ఉంది. అది చేతికొస్తే ఎడ్యుకేషన్ సబ్జెక్టులో యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయొచ్చు. 2024 నుంచి ఆ స్కోరును పీహెచ్‌డీ ప్రవేశాలకూ తీసుకుంటున్నారు.

ఎమ్మెస్సీతోనే తీసుకునే చోటు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని హోమీ భాభా సెంటర్ ఫర్ సైన్స్ ఎడ్యుకేషన్. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో భాగం, గణిత విద్య మీద పీహెచ్‌డీ ఇస్తుంది. కానీ అక్కడే ఉండి చదవాలి. మీకు కుదరదేమో.

పార్ట్‌టైమ్‌కి యూజీసీ 2022 నిబంధనలు ఒప్పుకుంటాయి. మీ శాఖ నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) కావాలి. సీటు సంగతి తర్వాత, ముందు ఆ ఫైలు కదిలించండి. అసలు ఆలస్యమంతా అక్కడే.

అడిగినవారు

సార్ కాదండీ, మేడమ్‌ని :) వయసు 38. ఈ వయసులో మొదలుపెడితే నవ్వుతారేమోనని టెన్షన్.

జవాబు 1

క్షమించండి మేడమ్. అయితే మరీ మంచిది, పీహెచ్‌డీకి ఉన్న ఆరేళ్ల గడువు మీద మహిళలకు ఇంకో రెండేళ్లు సడలింపు ఉంది.

వయసు మాటకొస్తే గణిత విద్య పరిశోధకురాలు లిపింగ్ మా గురించి చెప్పాలి. చైనాలో సాంస్కృతిక విప్లవం రోజుల్లో షాంఘై నుంచి పల్లెకు పంపిస్తే అక్కడ బడిపంతులమ్మ అయ్యారు. అమెరికా వెళ్లి స్టాన్‌ఫోర్డ్‌లో పీహెచ్‌డీ చేసింది చాలా ఏళ్ల తర్వాతే. ఆవిడ పరిశోధనలో టీచర్ల ముందుంచిన ప్రశ్న ఇది: 1¾ ÷ ½ ఎంత, దానికి సరిపోయే ఒక కథ లెక్క చెప్పండి. అమెరికా టీచర్లు 23 మందిలో సరిగ్గా చేసింది 9 మంది. చైనా టీచర్లు 72 మందీ చేశారు. కథ దగ్గరే అసలు తమాషా. కొందరు అమెరికా టీచర్లు ‘ఇద్దరికి సగం సగం పంచితే’ అన్నారు. అది రెండుతో భాగించడం. పావు తక్కువ రెండు కిలోల చక్కెరను అరకిలో పొట్లాలు కడితే మూడున్నర పొట్లాలు, అదీ కథ. ఇలాంటి ప్రశ్న విలువ తెలియాలంటే కొన్నాళ్లు క్లాసులో నిలబడి ఉండాలి. మీ 11 ఏళ్లు వృథా కాదు.

జవాబు 2 (డైట్‌లో, అంటే జిల్లా టీచర్ల శిక్షణ సంస్థలో, పనిచేసి రిటైరయ్యాను)

అమ్మా, ఒక్క మాట. ‘ముందు పరీక్ష, నా చార్టులతో బోధన, తర్వాత పరీక్ష, మార్కులు పెరిగాయి’ అనే థీసిస్ మాత్రం రాయకు. అలాంటివి బీరువాల నిండా చూశాను. ఎవరి మార్కులైనా పెరుగుతాయి! సీటు వచ్చేదాకా ఆగకుండా ఇవాళే ఒక నోట్‌బుక్ పెట్టు. తప్పు జవాబు, దాని పక్కనే పిల్ల అన్న మాట ఉన్నదున్నట్టు రాసుకో. నీ వ్యాఖ్యానం వద్దు. తేదీ మరిచిపోకు.

అడిగినవారు

నిన్నటిది చెప్తాను సార్. ఎనిమిదో తరగతి అమ్మాయి 0.4 కంటే 0.35 పెద్దదంది. ‘నాలుగు కన్నా ముప్పై అయిదు పెద్దది కదా మేడమ్’ అని కారణం కూడా చెప్పింది.

జవాబు 2

0.4 బదులు 0.40 అని రాసి అడిగావా?

అడిగినవారు

అడిగాను సార్. ఈసారి 0.40 పెద్దదంది. ‘ముప్పై అయిదు కన్నా నలభై పెద్దది కదా’ అంది. పేపర్లో అయితే ఫుల్ మార్కులు వేసేసేదాన్ని.

జవాబు 2

నోట్‌బుక్‌లో మొదటి పేజీ అదే.