చేను కాడికి టార్చి లైటు కావాల, 600 లోపల ఏది మేలు? సెల్లు ఏది?

ఉరవకొండ రైతుబిడ్డ:
అన్నలకు, అక్కలకు నమస్తే. బుడ్డలు కాయ పట్టినాయి, అడివి పందులు మొదలైనాయి, మా నాయన రోజూ రాత్రి చేను కాడే పండుకుంటాండాడు. రెండేండ్లలో మూడు చార్జింగ్ లైట్లు కొన్నాం, గోడకు గుచ్చి చార్జి చేసే ప్లాస్టిక్‌వి, కొత్తల్లో బాగా కొడతాది, ఆర్నెల్లు పోతే పది నిమిషాలు గూడా నిలబడదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో 10,000 లూమెన్ల వెలుతురు కొట్టే జూమ్ లైటు, 9900 ఎంఏహెచ్ చార్జి పట్టే 18650 సైజు సెల్లుతో కలిపి 450కే చూపిస్తాంది. తీసుకోవచ్చా? గట్టు మీద నడిచేటప్పుడు పురుగూ పుట్రా కనపడాల, చేను ఆ కొనకు ఏమన్నా కదిల్తే తెలియాల. ఫోన్ లైటు పట్టుకుని పోతాంటే నాకు ఇంట్లో నిద్ర పట్టదు.

గుంతకల్లు వైండింగ్ పని:
తమ్ముడూ దాని జోలికి పోవద్దు. 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడుగు ఉండే లిథియం సెల్లు, ఆ సైజులో శాంసంగ్, ఎల్జీ, పానసోనిక్ లాంటోళ్లే 3500 ఎంఏహెచ్ దగ్గర్దగ్గర ఆగిపోయినారు, 9900 అనేది ఉత్త స్టిక్కరు. లెక్క నువ్వే చూడు, 3000 ఎంఏహెచ్ సెల్లు, 3.7 వోల్టులు, అంటే 11 వాట్ అవర్లు, ఒక వాటు లాగితే 11 గంటలు వస్తాదని. ఎల్ఈడీ వాటుకు 100 లూమెన్లు ఇస్తాదనుకో, 300 లూమెన్ల మీద పెట్టుకుంటే మూడు గంటల పైన కొడతాది. అదే 10,000 కావాలంటే 100 వాట్లు లాగాల, ఆ చిన్న సెల్లు అంత ఇయ్యలేదు, ఇచ్చినా ఏడు నిమిషాల్లో ఖాళీ, ఆ వేడికి లైటు చేత్తో పట్టుకోలేం. గట్టు మీద నడవనీకి నిజమైన 300 చాలు.

నీ పాత లైట్లలో ఉండేది 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ అయింటాది, బండి బ్యాటరీ జాతే. పూర్తిగా దిగినాక చార్జి పెట్టకుండా రోజులకు రోజులు మూలన పడేస్తే లోపల ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడతాది, ఇంక చార్జి పట్టదు. పొద్దున్నే పని తొందరలో ఎవరికి గుర్తుంటాది చెప్పు, మా ఇంట్లో గూడా ఇట్లనే రెండు పోయినాయి.

అందుకే సెల్లు బయటికి తీసి మార్చుకునే లైటు చూడు, సెల్లు మాత్రం మంచి కంపెనీది విడిగా కొను, లైటుకు తగ్గించినా సరే దానికి తగ్గించొద్దు. చేతికొచ్చినాక బంగారం అంగట్లో కాటా మీద పెట్టించు, అసలుదైతే 45 గ్రాములు అటిటు తూగుతాది, 30 తూగితే వాపస్ పంపించెయ్. ఇంకో సంగతి, లైటు మసక అయితాందంటే ఆపేసి చార్జి పెట్టాల, లిథియం సెల్లును అడుగంటా పిండితే చెడిపోతాది. విడి సెల్లు జేబులో తాళాలు, చిల్లరతో కలిపి ఏసుకోవద్దని నాయనకు గట్టిగా చెప్పు, రెండు కొనలూ కలిసినాయంటే కాలిపోతాది. ఎండాకాలం ట్రాక్టర్ డబ్బాలో కూడా పెట్టొద్దు.

తాడిపత్రి అక్క:
పెద్దోళ్లకు ఈ లిథియం సెల్లు జాగ్రత్తలన్నీ యాడ గుర్తుంటాయి తమ్ముడూ, నేనైతే పెన్సిల్ సెల్లు రెండు పట్టే లైటే ఇప్పిస్తా. చార్జింగ్ పెన్సిల్ సెల్లు, ఎన్ఐఎంహెచ్ అని రాసింటాది, 2000 ఎంఏహెచ్‌వి నాలుగు కొంటే రెండు లైటులో, రెండు ఇంట్లో. వాటి మీద 1.2 వోల్టులే ఉంటాది, 1.5 లేదే అని భయపడొద్దు, ఎల్ఈడీ లైట్లలో చానా వాటికి సరిపోతాది. అర్ధరాత్రి అవి దిగిపోయినా ఏ చిల్లరంగడి సెల్లైనా ఏసుకోవచ్చు గదా, 18650 ఊర్లో ఎవరు అమ్ముతారు? పాత సెల్లు, కొత్త సెల్లు మాత్రం కలిపి ఎయ్యొద్దు, బలం లేనిది ముందు చచ్చి కారుతాది. ఆల్కలైన్ సెల్లు కారి స్ప్రింగు మీద తెల్ల పొడి పడితే ఇయర్ బడ్‌కు నిమ్మరసం అద్ది తుడిస్తే పోతాది, తర్వాత బాగా ఆరబెట్టాల, నాది అట్లనే బాగైంది.

కళ్యాణదుర్గం:
జూమ్ లైటు దూరానికి బాగుంటాది కానీ కాళ్ల దగ్గర చీకటే. జూమ్ లాగితే ఒక చదరం మాదిరి వెలుతురు పడి చుట్టూ ఏం కనపడదు. మన ఎర్రమట్టిలో రక్తపింజర కలిసిపోతాది, నడిచేటప్పుడు జూమ్ వెనక్కి నూకి వెడల్పుగా పెట్టుకోమను. నీలం కొట్టే తెలుపు కన్నా కొంచెం పసుపు కలిసిన తెలుపైతే మట్టిలో తేడా బాగా తెలుస్తాది, నా కండ్లకైతే అంతే.

ఉరవకొండ రైతుబిడ్డ:
అందరికీ చానా థాంక్స్. అక్క చెప్పిన పెన్సిల్ సెల్ల లైటు నాయనకు, 18650ది నాకు అనుకున్నా. ఒక డౌటు, మా బావ దగ్గర అట్లాంటిదే ఉండాది, టైప్ సీ పిన్ను, కొత్త ఫోన్ చార్జర్ పెడితే అసలు చార్జే ఎక్కదు. సెల్లు పోయిందా?

గుంతకల్లు వైండింగ్ పని:
సెల్లు బాగానే ఉండొచ్చు. తక్కువ రేటు లైట్లలో ఆ పిన్ను కాడ పెట్టాల్సిన చిన్న రెసిస్టర్లు పెట్టరు, అందుకే రెండు కొనలూ సీ ఉండే వైరుతో చార్జర్ కరెంటే ఇయ్యదు. పాత చార్జర్‌కు పెడతాం చూడు, ఒక కొన వెడల్పు యూఎస్‌బీ, ఇంకో కొన సీ, ఆ వైరుతో పెట్టమను. ఎర్ర లైటు వెలిగితే ఈడ చెప్పు.