కుండీలో క్రిస్మస్ చెట్టును ఇంటి ముందు నేలలో నాటొచ్చా?

గోదారిగట్టు:
నమస్కారమండీ. మాది రాజమండ్రి. కడియంలో కొన్న క్రిస్మస్ చెట్టు, అదే అరకేరియా, వరండాలో కుండీలో ఉంది. నా భుజం ఎత్తుకొచ్చింది. ఈమధ్య కింది వరస కొమ్మలు కొసల నుంచి గోధుమరంగుకు తిరిగి ఎండుతున్నాయి. పై వరసలు పచ్చగానే ఉన్నాయి. నీళ్ళు రోజూ పోస్తున్నాం. గేటుకీ మెట్లకీ మధ్య ఎనిమిది అడుగుల జాగా ఉంది, తొలకరికి అక్కడ నాటేద్దామని నాన్నగారి కోరిక. గేటు మీదుగా కరెంటు తీగ పోతుంది. ఎత్తు పెరిగితే తల కత్తిరించి గుబురుగా ఉంచొచ్చని తోటమాలి అంటున్నాడు. నిజమేనా? ఈ చెట్టంటే ఇంట్లో అందరికీ ప్రాణం.

డాబామీదితోట:
అక్కడ వద్దండీ. మా వీధిలో ఒకరు ఇలాగే గేటు పక్కన పెట్టారు. రెండంతస్తుల డాబా దాటిపోయింది. తీగలకు తగులుతోందని ఒక పక్క కొమ్మలన్నీ నరికేశారు. చూడలేకపోతున్నాం.

విశాఖ అమ్మమ్మ:
బాబూ, ముందు ఆ తల జోలికి ఎవరినీ పోనివ్వకు. ఈ చెట్టు అందమంతా నడిమి చిగురులోనే ఉంది. అది ఏటా నిటారుగా లేచి, చుట్టూ చక్రంలా ఒక వరస కొమ్మలు వేస్తుంది. దాన్ని తుంచితే పక్క నుంచి రెండు మూడు తలలు లేస్తాయి తప్ప ఆ గోపురం ఆకారం మళ్ళీ రాదు. కింద ఎండి రాలిన కొమ్మల చోట కొత్తవి కూడా రావు. అందుకే ఉన్నవాటిని కాపాడుకోవాలి.

కొసలు ఎండుతున్నాయంటే నేను మొదట వేళ్ళ దగ్గర చూస్తాను. నర్సరీ మొక్కల వేళ్ళ చుట్టూ ఎర్రమట్టి ముద్ద గట్టిగా ఉంటుంది. పోసిన నీళ్ళు దాని పక్క నుంచి జారి అడుగు చిల్లులోంచి పోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. సన్నటి వెదురు పుల్లను కుండీ అంచున ఒకసారి, కాండానికి దగ్గరగా ముద్దలోకి ఒకసారి లోతుగా గుచ్చి, కాసేపాగి తీసి చూడు.

ఇక చోటు. దీని సొంత ఊరు ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న నార్ఫోక్ దీవి. అక్కడ యాభై మీటర్లు దాటి పెరుగుతుంది. ఉప్పుగాలికి జంకదు కాబట్టే సముద్రం ఒడ్డున ఇష్టంగా వేస్తారు. న్యూ కాలెడోనియా నుంచి వచ్చిన కుక్ పైన్ అని దీని చుట్టం ఇంకొకటుంది. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, నర్సరీలో రెండింటినీ క్రిస్మస్ చెట్టనే అమ్ముతారు. పెద్దయ్యాక కుక్ పైన్ సన్నగా స్తంభంలా లేస్తుంది, బెరడు పొరలుగా ఊడుతుంది. విచిత్రమేమంటే అది భూమధ్యరేఖ వైపు వాలుతుంది. ఐదు ఖండాల్లో 256 చెట్లను కొలిచి, సగటున ఎనిమిదిన్నర డిగ్రీలు వాలుతున్నాయని 2017లో ఒక పరిశోధనలో రాశారు. మనకైతే దక్షిణం వైపన్నమాట. నీది ఏదో ఇప్పుడే చెప్పలేం. నేలలో పెడితే ఇంటికి, ప్రహరీకి కనీసం ఇరవై అడుగులు వదిలి, దక్షిణం వైపు ఇల్లు గానీ తీగలు గానీ లేని చోట పెట్టు. అలాంటి జాగా లేకపోతే కుండీలోనే ఉంచు. పొద్దుటి ఎండ తగిలేలా పెట్టి, వారానికోసారి పావు చుట్టు తిప్పుతుంటే ఒక పక్కకు ఒరగదు.

గోదారిగట్టు:
అమ్మమ్మగారూ, మీరన్నట్టే ఉంది! అంచున గుచ్చిన పుల్లకు తడి మట్టి అంటింది. మధ్యలో గుచ్చింది పొడిపొడిగా వచ్చింది. ముద్ద పగలగొట్టి కొత్త మట్టి వేయమంటారా?

విశాఖ అమ్మమ్మ:
పగలగొట్టకు, దీని వేళ్ళకు కదలిక పడదు. పుల్లతో ముద్దలోకి పది పన్నెండు చిల్లులు చెయ్యి. కుండీని నీళ్ళ తొట్టిలో అంచు దాకా దించి, బుడగలు ఆగాక తీసి, నీళ్ళన్నీ కారిపోనివ్వు. ఇకనుంచి రోజూ వద్దు, పైమట్టి రెండంగుళాలు ఆరాకే నిండుగా పొయ్యి. కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకు, వేళ్ళు కుళ్ళుతాయి. పూర్తిగా ఎండిన కొమ్మలను మాత్రం కాండం దాకా తీసెయ్యి. సగం పచ్చగా ఉన్నవాటిని ఉండనివ్వు.

గేటు దగ్గర పచ్చగా ఏదైనా కావాలంటే థూజా వేసుకోండి, నర్సరీలో మోర్‌పంఖి అంటారు. అది కత్తిరింపుకు ఓర్చుకుంటుంది. పైపైన పచ్చటి భాగమే కత్తిరించాలి. లోపలి బోడి కొమ్మ దాకా కోస్తే అక్కడ మళ్ళీ చిగురించదు. తోటమాలికి ఈ మాట ముందే చెప్పు.

గోదారిగట్టు:
చాలా థాంక్సండీ. నాన్నగారికి చదివి వినిపించాను. గేటు దగ్గరకు థూజాయే అనుకున్నాం. దొడ్లో దక్షిణం వైపు ఖాళీ స్థలం ఉంది, టేపు పెట్టి కొలిచి రేపు చెప్తాను.